ఆది జాకెట్టు

నేను లావు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీరూ నేనూ ఇద్దరం హాయిగా ఉండొచ్చు. "కాస్త బొద్దుగా ఉంటావు", "ఆరోగ్యంగా ఉన్నావు", "నిండుగా ఉన్నావు" లాంటి మాటలు మా రేపల్లె చుట్టాలు నా మీద చాలానే ఖర్చుపెట్టారు. బట్టల కొట్లో వాళ్ళు మాత్రం మొహమాటపడరు. నేను గుమ్మం ఎక్కీ ఎక్కకముందే "ఫ్రీ సైజు నైటీలు అటు పక్కండి" అని చెయ్యి చూపిస్తారు.

చీర కట్టుకునేదానికి ఇది పెద్ద బాధ కాదు. చీరకి సైజుండదు. జాకెట్టు ఒక్కటే చూసుకోవాలి, దానికీ మా వైపు ఒక పద్ధతుంది. టైలరు మన ఒంటికి టేపు పెట్టడు. మనకి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆయనకిస్తాం. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాని కొలతలు చూసి కొత్తది కుడతాడు. నా ఒళ్ళు ఎంతో నాకు తెలియాల్సిన పని లేదు, టైలరుకీ తెలియాల్సిన పని లేదు, ఆ జాకెట్టుకి తెలిస్తే చాలు. ఇన్నేళ్ళూ నా పరువు కాపాడింది ఆ పద్ధతే.

నా బాధల్లా ఫోటోలతోనే. కెమెరా కనబడితే చాలు, నా కాళ్ళు వాటంతటవే వెనక్కి జరుగుతాయి. ఎవరో ఒకరి వెనక్కి చేరిపోతాను. మా చెల్లెలి కూతురు చిట్టి పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేసినా నేను దొరకను. అక్షింతలు వేసే ఫోటోలో ఒక చెయ్యి మాత్రం ఉంటుంది, గాజులతో సహా. అది నాదేనని నేను చెబితే తప్ప తెలియదు. మా ఆయన బ్రహ్మాజీ ఆ ఆల్బమ్ చూసి, "చిట్టి పెళ్ళికి నువ్వు రాలేదేంటి వేణీ?" అన్నాడు. నా పక్క కుర్చీలో కూర్చుని భోంచేసిన మనిషి!

బ్రహ్మాజీ నాకు స్వయానా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. వాళ్ళ నాన్న పడవ మీద వేటకెళ్ళేవాడు, మా నాన్న ఆ చేపలు కొని అమ్మేవాడు. మా రోజులొచ్చేసరికి ఊరంతా రొయ్యల చెరువులైపోయింది. బావ రేపల్లెలో రొయ్యల మేత కొట్టు పెట్టాడు. మేత కంపెనీ వాళ్ళు బాగా అమ్మిన డీలర్లని ఏటా ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. ఎప్పుడూ మగాళ్ళే వెళ్ళొచ్చేవాళ్ళు. ఏం చూశారని అడిగితే "గుళ్ళు" అనేవాళ్ళు. ఈసారి వియత్నాం అన్నారు, భార్యలతో రమ్మన్నారు. పైగా అందరికంటే ఎక్కువ మేత అమ్మింది మా ఆయనేనట. ఆఖరి రోజు సాయంత్రం పెద్ద విందు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి స్టేజీ ఎక్కి షీల్డు అందుకోవాలి.

"నేను రాను," అన్నాను.

"అయితే నేనూ ఎళ్ళను," అన్నాడు.

"మరి షీల్డో?"

"పార్సిల్లో పంపిత్తార్లే."

ఆయన అరవడు, అలగడు, బతిమాలడు. దానితోనే వచ్చింది తంటా. అరిచే మొగుడైతే నేనూ అరిచి గెలిచేదాన్ని. ఎండనక వాననక ఏడాది పొడుగునా బైకు మీద చెరువు చెరువుకీ తిరిగిన మనిషి, ఆ షీల్డు పార్సిల్లో వస్తుందని చెప్పి పెరుగన్నం కలుపుకుంటుంటే నాకు మనసొప్పలేదు. సరే, వస్తానన్నాను. స్టేజీ ఎక్కే ఉద్దేశం మాత్రం నాకు లేదు. ఆ సాయంత్రానికి కడుపు నొప్పని గదిలో పడుకుంటే ఎవరు కాదంటారు?

బాపట్ల నుంచి అనుపమ ఫోన్ చేసింది. అక్కడి మేత డీలరు ఫణి భార్య ఆమె, బడిలో ఇంగ్లీషు టీచరు. నాకంటే చిన్నది, సన్నగా ఉంటుంది, ఇదివరకే రెండు దేశాలు చూసింది.

"అక్కా, అక్కడ నడక ఎక్కువండి. చీరలతో ఇబ్బంది పడతారు. కుర్తాలు, ప్యాంట్లు కుట్టించుకోండి. తెనాల్లో మంచి టైలరున్నాడు," అంది.

మా రేపల్లె టైలరు పెళ్ళి జాకెట్లలో పీకలదాకా మునిగి ఉన్నాడు. అందుకని తెనాలికే ఖాయం చేశాను. కుర్తాలకి గుడ్డ, విందు రోజు కట్టుకునే వంగపండు రంగు పట్టుచీర మీదకి బంగారు రంగు జాకెట్టు గుడ్డ, అన్నీ సంచిలో పెట్టాను. బావ పని మీద తెనాలి వెళుతున్నాడు. నేను పొయ్యి దగ్గర చేపముక్కలు వేయిస్తూ, "బీరువాలో పై అరలో ఆది జాకెట్టుంది, పట్టుకెళ్ళు" అని కేకేశాను. ఆయన పట్టుకెళ్ళాడు. నేను చేపముక్క తిరగేశాను. ఆ మాట గురించి మళ్ళీ ఆలోచించలేదు.

తెనాలాయన ఇవాళ, రేపు అంటూ ప్రయాణం రోజు దాకా లాగాడు. మా బస్సు బాపట్లలో బయల్దేరి, రేపల్లెలో మమ్మల్ని ఎక్కించుకుని, తెనాలి మీదుగా హైదరాబాదు విమానాశ్రయానికి వెళ్ళాలి. తెనాల్లో బావ బస్సు ఆపించి, పరుగెత్తుకెళ్ళి బట్టల కవరు తెచ్చాడు. ఆ కవరు విప్పకుండానే సూట్‌కేసులోకి పోయింది. ప్రయాణానికి సుఖంగా ఉంటుందని నేను పాత పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అదీ, ఒక నైటీ, పట్టుచీర తీసేస్తే నా బట్టలన్నీ ఆ కవర్లోనే ఉన్నాయి.

డానాంగ్ అనే ఊళ్ళో దింపారు. హోటలు కిటికీలోంచి సముద్రం కనిపించింది. మా సూర్యలంక సముద్రంలాగే ఉంది, ఒడ్డు కాస్త శుభ్రంగా ఉంది, అంతే. స్నానం చేసి, పరాయి దేశంలో కొత్త కుర్తా వేసుకుందామని సంబరంగా కవరు విప్పాను.

మొదటి కుర్తా భుజాల దగ్గర ఆగిపోయింది. ఇది పొరపాటున బిగుతుగా కుట్టాడేమో అనుకుని రెండోది తీశాను. అదీ అంతే. మూడోది తలమీంచే దిగలేదు. ఇక బంగారు రంగు జాకెట్టు చెయ్యి మోచేతి దగ్గరే మొరాయించింది. కవరు అడుగున నేను పంపిన ఆది జాకెట్టు మడతపెట్టి ఉంది. చూస్తే ఏముంది, చిలకాకుపచ్చ రంగు, పొట్టి చేతులకి సన్న జరీ అంచు. పెళ్ళయిన ఏడాది కుట్టించుకున్న జాకెట్టు.

"బావా! ఏంటిది?"

"ఆది జాకెట్టు."

"ఎవరికి ఆది?"

"నీదే కదా వేణీ."

"నాదే. ఎప్పటిది? పెళ్ళైన ఏడాదిది! ఇప్పుడు నా చెయ్యి కూడా పట్టదు దీంట్లో."

ఆయన ఆ జాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ జాకెట్టుని చూశాడు. "ఇదా పట్టంది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను ఇట్టా ఉండాలని నీకుంటే నోటితో చెప్పొచ్చుగా! టైలరు చేత కుట్టించి మరీ చెప్పాలా?"

ఆయన బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఏదన్నా అడిగితే ఆయన జవాబు మర్నాడు వస్తుంది. అంతవరకూ ఆగే ఓపిక నాకెప్పుడూ లేదు. చిన్న కత్తెర తీసి బంగారు రంగు జాకెట్టు పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టాను. మన టైలర్లు ఎప్పుడైనా లావైతే వదులు చేసుకోవడానికి లోపల కాస్త గుడ్డ వదిలి కుడతారు కదా. తెనాలాయన కూడా వదిలాడు, పాపం. ఉన్న కుట్లన్నీ విప్పేశాను. పట్టలేదు. బావతో మాట్లాడటం మానేశాను.

మర్నాడు మగాళ్ళందరినీ రొయ్యల చెరువులు చూపించడానికి తీసుకెళ్ళారు. అంత దూరం విమానమెక్కి వెళ్ళి మళ్ళీ రొయ్యల చెరువే చూసే ముచ్చట మా వాళ్ళకే చెల్లింది. అనుపమ నన్ను బజారుకి లాక్కెళ్ళింది. విమానంలో కాళ్ళు వాచిపోయి నా చెప్పులు కూడా పట్టడం లేదు. మడమలు బయటికి వేలాడేసుకుని ఈడ్చుకుంటూ నడిచాను.

అక్కడి ఆడపిల్లలు ఎంత సన్నగా ఉంటారంటే, వాళ్ళ కొట్లో బొమ్మకి తొడిగిన గౌను చూసి చంటిపిల్లలదేమో అనుకున్నాను. పెద్దవాళ్ళదేనట. నేను గుడ్డ మీద చెయ్యి వెయ్యకముందే కొట్టమ్మాయి నవ్వుతూ "నో సైజ్, నో సైజ్" అని చేతులూపింది. పక్క కొట్టు అమ్మాయి నన్ను దూరం నుంచే చూసి అక్కణ్ణుంచే ఊపింది.

"నేనింకా అడగనేలేదుగా తల్లీ!" అన్నాను, తెలుగులోనే.

"అక్కా, వాళ్ళు వెక్కిరించట్లేదండి. లేదని చెబుతున్నారంతే," అంది అనుపమ.

"తెలుసులే. మా రేపల్లెలో నైటీలన్నా చూపిస్తారు."

చివరికి ఒక పెద్ద కొట్లో ఎక్సుల మీద ఎక్సులున్న గౌనొకటి దొరికింది. పూలపూల గుడ్డ, చూడ్డానికి విశాలంగానే ఉంది. అద్దాల గదిలోకి వెళ్ళి తల దూర్చాను, చేతులు దూర్చాను. అక్కడితో గౌను నన్ను పట్టేసుకుంది. పైకి రాదు, కిందికి దిగదు. రెండు చేతులూ పైకెత్తి, మొహం మీద పూలతో, చీకట్లో నిలబడిపోయాను.

"అనుపమా! లోపలికి రా. నవ్వావంటే చంపేస్తా," అని కేకేశాను.

ఆమె వచ్చింది. పైనుంచి లాగింది, కిందనుంచి లాగింది, నన్ను వంగోమని చెప్పి వెనకనుంచి లాగింది. ఊడొచ్చేసరికి ఇద్దరం నేల మీద కూలబడ్డాం. ముందు నవ్వింది నేనే. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాను. ఆ నీళ్ళు కాసేపటికి వేరే నీళ్ళయ్యాయి.

"ఎల్లుండి సాయంత్రం నాకు కడుపు నొప్పి వస్తుంది అనుపమా," అన్నాను ముక్కు చీదుకుంటూ.

"ఎల్లుండి రాబోయేది ఇప్పుడే ఎట్టా తెలిసిందక్కా?"

నేను గౌను మడతపెట్టడం మొదలుపెట్టాను. ఆమెకి అర్థమైంది. నా పక్కనే గోడకానుకుని కూర్చుని మెల్లగా చెప్పింది. "బస్సులో మీరు నిద్రపోతుంటే బ్రహ్మాజీ గారు ఏం చెప్పారో తెలుసా? 'షీల్డుదేముందయ్యా ఫణీ, మా వేణి నాతో స్టేజీ ఎక్కుతానంది' అన్నారు. తెనాలి దాటాక ఒకసారి చెప్పారు. హైదరాబాదు వచ్చేముందు మళ్ళీ చెప్పారు."

ఆయన కోసం వస్తానని ఒప్పుకున్నాను, లోపల మోసం దాచుకున్నాను. ఆయనేమో ఊరంతా చాటుకుంటున్నాడు. అయినా ఏం కట్టుకుని ఎక్కను స్టేజీ?

అనుపమ లేచి నిలబడి చెయ్యందించింది. "మగాళ్ళ బట్టలున్న వైపు చూద్దామా?" అంది.

అక్కడ నాకు స్వాగతం దొరికింది. వదులు చొక్కాలు రెండు తీసుకున్నాను. ఒకదాని మీద కొబ్బరిచెట్టు, రెండోదాని మీద పడవ. అక్కణ్ణుంచి చెప్పుల కొట్టు. ఆ కొట్టాయన నా పాదాల వంక ఒకసారి చూశాడు. "నో సైజ్" అనలేదు. మగాళ్ళ వైపు నుంచి వెడల్పాటి నల్ల చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టాడు. మెత్తటి అడుగు, పైన అతికించుకునే పట్టీలు. కాలు పెట్టగానే నా వేళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేశాయి. పెళ్ళినాటి నుంచీ చెప్పులంటే కరవాలేమో అనుకుంటూ బతికాను. కొట్టంతా నడిచాను, మెట్లు దిగాను, మళ్ళీ ఎక్కాను. పాత చెప్పులు అక్కడే వదిలేశాను.

సాయంత్రం బావ తిరిగొచ్చి నన్ను పడవ చొక్కాలో చూశాడు.

"బాగుంది చొక్కా," అన్నాడు.

"మగాళ్ళది," అన్నాను ముభావంగా.

"మరి నాకూ ఒకటి తేకపోయావా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. కోపం ఇంకా అయిపోలేదు.

ఆ మర్నాడు హోయాన్ అనే పాత ఊరికి తీసుకెళ్ళారు. పసుపు రంగు గోడల ఇళ్ళు, వీధుల నిండా వేలాడే కాగితం దీపాలు. దీపాలు ఎన్నున్నాయో టైలరు కొట్లూ అన్నున్నాయి. ఒక్కరోజులో కుట్టిచ్చేస్తారని గైడు చెప్పాడు. నేను పట్టించుకోలేదు. అక్కడ టేపు పెట్టి కొలుస్తారు. బయటి నుంచే కనిపిస్తోంది, ఎవరో తెల్లావిడని నిలబెట్టి చుట్టూ టేపు తిప్పుతున్నారు. ఆ నంబరు నోటితో చదవడం, పక్కన ఇంకొకరు రాసుకోవడం. అమ్మో, నాకొద్దు.

కాసేపటికి చూస్తే బావ లేడు. పొద్దున్నుంచీ చేతిలో ఏదో కవరు పట్టుకు తిరుగుతున్నాడు. కాఫీ తాగడానికి వెళ్ళుంటాడని ఫణి అన్నాడు. నేనూ అనుపమా వెతుక్కుంటూ వెళ్ళాం. నాలుగు కొట్లు దాటాక, ఒక టైలరు కొట్టు గుమ్మంలోంచి ఆయన కనిపించాడు.

కొట్టు మధ్యలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి గుండ్రంగా పెట్టాడు. ఆ చేతుల మధ్య ఎవరూ లేరు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఆ గుండ్రం లోపల టేపు తిప్పి కొలుస్తోంది. బల్ల మీద నా వంగపండు రంగు చీర పరిచి ఉంది. దాని పక్కన నేను కుట్లు విప్పేసిన తెనాలి జాకెట్టు.

"ఏం చేత్తన్నావు బావా?"

"ఆగు, కదిలిత్తే కొలత పోద్ది," అన్నాడు చేతులు దించకుండా.

"ఏం కొలత?"

"నీదే. ఈవిడ సైజెంతని అడిగింది. నాకేం తెలుసు? నిన్ను పిలిస్తే రావు. నాతో మాట్టాట్టం లేదయ్యె. అందుకని..." ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంతే కదా ఉంటావు."

ఆయన చేతివేళ్ళు ఒకదానికొకటి ఆనలేదు, మధ్యలో జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీ కూడా సరిగ్గా ఎంతుండాలో అంతే పెట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు. అనుపమ చటుక్కున వెనక్కి తిరిగి వీధిలో దీపాలు చూడ్డం మొదలుపెట్టింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోని మనిషి!

పెద్దావిడ టేపు మీద ఒకచోట బొటనవేలు నొక్కిపట్టి, నన్ను దగ్గరికి రమ్మని తలూపింది. నేను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడకి నా భయాలేవీ తెలియవు. బొటనవేలు అలాగే పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. బావ ఇంకా చేతులు దించలేదు. ఆ చేతుల్ని చూశాను. బస్తాలు మోసి కాయలు కాసిన చేతులు, నా కొలత పోతుందని గాల్లో ఆగిపోయాయి. వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

ఆవిడ టేపు నా చుట్టూ తిప్పింది. కొస తెచ్చి బొటనవేలి దగ్గర పెట్టింది. రెండూ ఒకచోటే కలిశాయి. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది. తర్వాత పకపకా నవ్వి, లోపలున్న ఆడవాళ్ళని పిలిచి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. వాళ్ళూ వచ్చి బొటనవేలు చూశారు, బావ చేతులు చూశారు, నన్ను చూశారు. ఆవిడ బావ భుజం తట్టి, "గుడ్ టేప్" అంది. నంబరు మాత్రం ఎవరూ పైకి చదవలేదు.

తెనాలి జాకెట్టుని నమూనాకి ఉంచుకున్నారు, హుక్కులెక్కడో మెడ ఎంతో చూసుకోవడానికి. బంగారు రంగు పట్టుగుడ్డ వాళ్ళ దగ్గరే దొరికింది. రేపు మధ్యాహ్నానికి హోటలుకి పంపిస్తామన్నారు. బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాం. ఇక ఆగలేక అడిగేశాను.

"చేతులకి ఇంత బాగా తెలిసినోడివి, ఆ పచ్చ జాకెట్టెందుకు పట్టుకెళ్ళావు బావా?"

ఈసారి జవాబు మర్నాటి దాకా ఆగలేదు. రెండ్రోజులుగా సిద్ధం చేసుకున్నట్టున్నాడు.

"బీరువా తీశాను. పై అర నిండా జాకెట్లే. మా అమ్మయ్యీ ఉంటాయి, మీ చెల్లెలియ్యీ ఉంటాయి. ఏది ఆదో నాకెట్టా తెలుత్తది? నిన్నడుగుదామంటే పొయ్యికాడున్నావు, నాకు బస్సు టైమైంది. ఆ పచ్చది ఖాయంగా నీదేనని తెలుసు. పెళ్ళైన కొత్తలో మనం వాడరేవు ఎళ్ళినప్పుడు అదే ఏసుకున్నావు. అలొచ్చి ఒళ్ళంతా తడిపేత్తే, ఎండలో కూచుని అది ఆరేదాకా నన్ను తిట్టావు."

ఆ సంగతి నాకు గుర్తే లేదు. అల గుర్తులేదు, ఎండ గుర్తులేదు, తిట్టడం మాత్రం నిజమే అయి ఉంటుంది.

"నేను లావెక్కానని నీకు తెలీలేదా?"

"లావెక్కావులే. తెలీకేం?"

"మరి?"

"నువ్వు లావెక్కావని తెలుసు. ఆ జాకెట్టు చిన్నదైపోద్దని మాత్రం తట్టలేదు వేణీ," అన్నాడు.

దీన్ని తెలివితక్కువతనం అంటే అంటారు. నాకు మాత్రం ఆ అరుగు మీద కూర్చుని ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. రెండు రోజులుగా నేను అనుకున్నదేంటి? ఆయన కళ్ళలో నేనొక తగ్గాల్సిన మనిషినని. ఆయన కళ్ళు అసలు ఆ లెక్కే ఎప్పుడూ వెయ్యలేదు. అప్పటిదాకా దాచుకున్న కడుపు నొప్పి సంగతి అక్కడే చెప్పేశాను. ఆయన "ఊఁ" అని, "జీలకర్ర నీళ్ళు తాగితే పోద్దిలే" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం జాకెట్టొచ్చింది. హుక్కులన్నీ పడ్డాయి. చేతులెత్తినా లాగలేదు, వంగినా బిగుసుకోలేదు. అనుపమ వచ్చి పట్టుచీరకి పిన్నులు పెట్టింది. చీర మీదకి ఆడవాళ్ళ చెప్పులు లేవు, పాతవి ఆ కొట్లోనే వదిలేశాను. నల్ల చెప్పులే వేసుకున్నాను, కుచ్చిళ్ళు కప్పేస్తాయి కదా అని.

విందు హాల్లో మా పేర్లు పిలిచారు. స్టేజీ ఎక్కాను. ఎక్కడమైతే ఎక్కాను కానీ, లైట్లన్నీ మొహం మీద పడి, ఎదురుగా ఫోన్లెత్తిన చేతులు కనిపించేసరికి పాత భయం మొత్తం తిరిగొచ్చేసింది. వెనక్కి జరుగుదామంటే వెనక గోడ. దాక్కుందామంటే ముందు ఎవరూ లేరు. కంపెనీ పెద్దాయన షీల్డు తెచ్చి, ఆడవాళ్ళకి మర్యాదని కాబోలు, నా చేతికిచ్చాడు. చేటంత ఉంది, మధ్యలో బంగారు రొయ్య. దేవుడే పంపాడనుకున్నాను. గబుక్కున ఎత్తి గడ్డం నుంచి పొట్ట దాకా అడ్డం పెట్టుకున్నాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"సార్, మేడమ్, ఇటు చూడండి," అన్నాడు ఫోటోలు తీసే అతను.

బావ అటు చూడలేదు. నా వైపు చూశాడు. షీల్డు అంచు పట్టుకున్నాడు. నేను వదల్లేదు. లాగాడు. నేనూ లాగాను. కింద ఎవరో నవ్వారు. ఏడాదంతా ఏ షీల్డు కోసం తిరిగాడో దాన్నే నా చేతుల్లోంచి గుంజుకుని, కిందున్న ఫణి చేతిలో పెట్టి వచ్చాడు.

"అది అడ్డంగా ఉంది వేణీ. నువ్వు కనపడట్లేదు," అన్నాడు.

వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను వెనక్కి జరగలేదు.

ఇప్పుడా బంగారు రంగు జాకెట్టే నా ఆది. పచ్చది కూడా పారెయ్యలేదు, వాడరేవు జాకెట్టని చెప్పి బీరువాలో వేరే అరలో పెట్టాను. ఫోటోని బావ పెద్దది చేయించి రేపల్లె కొట్లో మేత బస్తాల పైన తగిలించాడు. కొట్టుకొచ్చిన రైతులు దాన్ని చూసి "షీల్డేది బ్రహ్మాజీ?" అని అడుగుతారు. "లోపలెక్కడో ఉండాలి" అంటాడు. కుచ్చిళ్ళు ఏమీ కప్పలేదు. ఆ ఫోటోలో నేను మొత్తం ఉన్నాను, మగాళ్ళ చెప్పులతో సహా.